జేసన్, సీఎస్వీ, ఎస్‌క్యూలైట్, హార్: ఫైలు మెషీన్ దాటకుండా బ్రౌజరులో చూడాలంటే ఏది ఎంచుకోవాలి?

ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి డేటా అడిగే దారి) నుంచి దింపుకున్న జేసన్ ఫైలు (డేటాను పేరు, విలువ జతలుగా బ్రాకెట్లలో రాసే రూపం) నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఒకే వరసలో సాగిపోతుంది. ఎక్కడ మొదలైందో, ఏ బ్రాకెట్ ఎక్కడ మూసుకుందో తెలియదు. వెంటనే చెయ్యి వెళ్ళేది సెర్చ్ ఇంజన్‌కే: 'జేసన్ వ్యూయర్' అని కొట్టడం, మొదట కనిపించిన సైటులో అతికించడం, చూసుకోవడం, మర్చిపోవడం.

మర్చిపోయేది మనమే, సైటు కాదు. 2025 నవంబరులో వాచ్‌టవర్ అనే భద్రతా పరిశోధన సంస్థ, బాగా వాడుకలో ఉన్న రెండు ఫార్మాటింగ్ సైట్లలో జనం 'సేవ్' నొక్కి దాచుకున్న 80,000కు పైగా ముక్కలను బయటివాళ్ళు తీసి చదవగలిగారని చూపించింది. క్లౌడ్ ఖాతాల తాళాలు, డేటాబేస్ పాస్‌వర్డులు అందులోనే ఉన్నాయి. వాటిని ఎవరూ దొంగిలించి పెట్టలేదు, ఉద్యోగులే తమ చేత్తో అతికించారు.

కాబట్టి అప్‌లోడ్ చేయించుకునే సైట్లను ఈ పోలికలోకి తీసుకోవడం లేదు. ఫైలు మెషీన్‌లోనే ఉంటూ బ్రౌజరులో కనిపించడానికి నాలుగు దారులున్నాయి. బ్రౌజరులో పుట్టుకతో ఉన్న వ్యూయర్ ఒకటి, ఎక్స్‌టెన్షన్ ఒకటి. మూడోది, సైటే అయినా పనంతా మీ ట్యాబ్‌లోనే చేసే పేజీ. నాలుగోది, ఆ పేజీనే దింపుకుని సొంతంగా పెట్టుకున్న కాపీ. ఏ దారి ఎంచుకున్నా రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. ఫైలు నిజంగా బయటికి పోవడం లేదా? కనిపిస్తున్నది నిజంగా ఫైలులో ఉన్నదేనా? మొదటిదాన్ని కొందరైనా అడుగుతారు. రెండోదాన్ని దాదాపు ఎవరూ అడగరు, తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే.

బ్రౌజరులో ముందే ఉన్నది

జేసన్ వరకే అవసరమైతే ఫైర్‌ఫాక్స్ చాలు, ఇంకేదీ వెతకనక్కర్లేదు. ఫైలును ట్యాబ్ మీదికి లాగి వదలండి, లేదా కంట్రోల్-ఓ నొక్కి ఎంచుకోండి. మడవగలిగే చెట్టులా తెరుచుకుంటుంది. పైన ఫిల్టర్ పెట్టె ఉంటుంది. అందులో మాట కొడితే సంబంధించిన వరసలే మిగులుతాయి. పక్కనే ఉన్న 'రా డేటా' ట్యాబ్ ఫైలును ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఈ ట్యాబ్ విలువ ఏమిటో కింద సంఖ్యల దగ్గర తెలుస్తుంది.

ఒక్క షరతు: ఫైలు పేరు చివర డాట్ జేసన్ ఉండాలి. అదే ఫైలు డాట్ టీఎక్స్‌టీగా సేవ్ అయి ఉంటే మామూలు అక్షరాలే కనిపిస్తాయి. వ్యూయర్ పాడైందని అనుకునే ముందు పేరు మార్చి చూడండి. విండోస్‌లో ఫైలు తోకలు దాచిపెట్టే సెట్టింగ్ వల్ల 'డేటా డాట్ జేసన్ డాట్ టీఎక్స్‌టీ' అన్నది 'డేటా డాట్ జేసన్'లా కనిపించి మోసం చేస్తుంది.

క్రోమ్‌లో జేసన్ తెరిస్తే పైన 'ప్రెట్టీ-ప్రింట్' అనే టిక్ పెట్టె వస్తుంది. టిక్ పెడితే వరసలు విడివిడిగా అమరుతాయి. అంతే. మడవడం, ఫిల్టర్ లాంటివి లేవు. రెండు వందల వరసల కాన్ఫిగ్ ఫైలుకి సరిపోతుంది. ఏడెనిమిది అంతస్తుల లోతున్న ఏపీఐ జవాబుకి సరిపోదు.

ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళు రెండు బ్రౌజర్లలోనూ చెట్టులా తెరుచుకుంటాయి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్ (ఎక్స్‌ఎంఎల్‌ని చూడదగ్గ పేజీగా మార్చే సూత్రాలు) కట్టిన పాత రిపోర్టులు మాత్రం క్రోమ్‌లో ఎల్లకాలం తెరుచుకోవు. ఆ మద్దతును తీసేస్తున్నట్టు క్రోమ్ బృందం ఇప్పటికే ప్రకటించింది. ఎస్‌వీజీ బొమ్మలు నేరుగా తెరుచుకుంటాయి. కానీ ఎస్‌వీజీలో స్క్రిప్టు ఉండొచ్చు, ట్యాబ్‌లో విడిగా తెరిస్తే అది నడుస్తుంది కూడా. తెలియని చోటి నుంచి వచ్చిన ఎస్‌వీజీని ముందు ఎడిటర్‌లో అక్షరాలుగా చూడటమే మంచిది. యామల్ (సెట్టింగులు రాసే రూపం), సీఎస్వీ (కామాలతో విడదీసిన పట్టిక), ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఉండే డేటాబేస్), పార్కే (కాలమ్‌ల వారీగా కుదించి దాచే పట్టిక) లాంటివాటికి బ్రౌజరులో పుట్టుకతో వ్యూయర్ లేదు. వాటికి మిగతా మూడు దారుల్లో ఏదో ఒకటి పట్టాల్సిందే.

ఎక్స్‌టెన్షన్: సుఖం ఎక్కువ, బరువూ ఎక్కువే

క్రోమ్‌లోనే ఉండిపోవాలనుకునేవాళ్ళు సాధారణంగా ఎక్స్‌టెన్షన్ వేసుకుంటారు. వేసుకున్నాక లోకల్ ఫైలు తెరిస్తే ఏమీ మారదు, ఎక్స్‌టెన్షన్ పనిచేయడం లేదని తీసేస్తారు. కారణం వేరు. క్రోమ్ ఏ ఎక్స్‌టెన్షన్‌నీ మీ డిస్క్ మీది ఫైళ్ళను దానంతట అది ముట్టుకోనివ్వదు. ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్ళి, దాని 'డీటెయిల్స్' తెరిచి, 'అలౌ యాక్సెస్ టు ఫైల్ యూఆర్‌ఎల్స్' అనే మీట వేయాలి.

ఆ మీట వేసే ముందు ఒక్కసారి ఆగండి. జేసన్ రంగులు చూపించే చిన్న ఎక్స్‌టెన్షన్ కూడా మామూలుగా అడిగే అనుమతి 'అన్ని సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం'. ఏ పేజీ జేసనో తెలియాలంటే అన్నీ చూడాలి కదా అన్నది దాని వాదన, అది నిజమే. అంటే బ్యాంకు పేజీ కూడా దానికి కనిపిస్తుంది. ఈరోజు రాసినవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. ఎక్స్‌టెన్షన్లు చేతులు మారతాయి, మారిన సంగతి మీకు ఎవరూ చెప్పరు, అప్‌డేట్ మాత్రం దానంతట అదే వస్తుంది. 'ది గ్రేట్ సస్పెండర్' అనే ఎక్స్‌టెన్షన్ కథ ఇదే. ఖాళీగా ఉన్న ట్యాబ్‌లను నిద్రపుచ్చే మంచి పనిముట్టు అది. 2020లో కొత్త యజమాని చేతికి వెళ్ళింది, 2021 ఫిబ్రవరిలో హానికర కోడ్ ఉందంటూ గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తీసేసింది.

ఎక్స్‌టెన్షన్ తప్పదనుకుంటే రెండు జాగ్రత్తలు. అదే డీటెయిల్స్ పేజీలో 'సైట్ యాక్సెస్'ని 'ఆన్ క్లిక్'కి మార్చండి, అప్పుడు మీరు గుర్తు నొక్కిన పేజీనే అది చూస్తుంది. ఇంకా మంచిది, క్రోమ్‌లో వేరే ప్రొఫైల్ తెరిచి, ఫైళ్ళు చూడటానికే వాడటం. అందులో ఏ ఖాతాలోనూ లాగిన్ అవ్వకండి.

మా తీర్పు అడిగితే, కేవలం జేసన్ కోసం ఎక్స్‌టెన్షన్ వేసుకోవడం దండగ. ఫైర్‌ఫాక్స్‌ని రెండో బ్రౌజరుగా పెట్టుకోవడం ఇంతకంటే తేలిక.

'మీ ఫైలు మీ దగ్గరే ఉంటుంది' అన్న సైటును పరీక్షించడం

మూడో దారిలో మంచి పనిముట్లు చాలా ఉన్నాయి, పేర్లు కింద చెబుతాం. చిక్కల్లా ఆ మాట ఎవరైనా రాసుకోగలరన్నది. నమ్మడం కాదు, చూడటం నేర్చుకోవాలి. పది నిమిషాల పని.

ఇన్‌కాగ్నిటో విండోలో సైటు తెరవండి. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్ళండి, 'ప్రిజర్వ్ లాగ్' టిక్ పెట్టండి. ఇప్పుడు పనికిమాలిన చిన్న నమూనా ఫైలు ఒకటి లోపల వేయండి. అందులో ఎక్కడా ఉండని మాట ఒకటి ముందే రాసి పెట్టుకోండి, 'గుమ్మడిపూవు7731' లాంటిది. నెట్‌వర్క్ ట్యాబ్‌లోనే కంట్రోల్-ఎఫ్ నొక్కి ఆ మాట వెతకండి. పోస్ట్ రిక్వెస్టులు (సర్వరుకి డేటా పంపేవి) ఏమైనా వెళ్ళాయా, వాటి పరిమాణం మీ ఫైలు పరిమాణానికి దగ్గరగా ఉందా చూడండి. ఎన్‌కోడ్ చేసి పంపితే మాట దొరకదు కాబట్టి పరిమాణం చూడటం ముఖ్యం.

తరువాత అదే ట్యాబ్‌లో 'నో థ్రాట్లింగ్' అని ఉన్న చోట 'ఆఫ్‌లైన్' ఎంచుకుని, ఇంకో ఫైలు వేయండి. తెరుచుకుంటే పని ట్యాబ్‌లోనే జరుగుతోందన్నమాట. ముందు నమూనా ఫైలు వేయమన్నది ఊరికే కాదు. వెబ్‌అసెంబ్లీ (మామూలు ప్రోగ్రాములను బ్రౌజరులో నడిపే పద్ధతి) మీద నడిచే పనిముట్లు తమ భాగాలను అవసరం వచ్చినప్పుడే దింపుకుంటాయి. ఉదాహరణకు డక్‌డీబీ అనే డేటాబేస్ పనిముట్టు బ్రౌజరు రూపం, పార్కే చదివే భాగాన్ని మొదటిసారి పార్కే ఫైలు వచ్చినప్పుడే తెచ్చుకుంటుంది. నేరుగా ఆఫ్‌లైన్‌లో పరీక్షిస్తే అది విఫలమవుతుంది, మీరేమో ఫైలు అప్‌లోడ్ చేస్తోందని అనుకుంటారు.

ఆఫ్‌లైన్‌లో తెరుచుకుందని పూర్తిగా నిశ్చింతగా ఉండటానికీ లేదు. పేజీ ఫైలును బ్రౌజరు నిల్వలో దాచిపెట్టి, నెట్ తిరిగి రాగానే పంపొచ్చు. అందుకే రహస్యం ఉన్న ఫైలైతే ఆఫ్‌లైన్‌లోనే చూసి, తెరిచిన ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూసి, ఆ తరువాతే నెట్‌కి రావాలి. మూయగానే ఆ నిల్వ కూడా పోతుంది. మరో కన్ను అడ్రస్ బార్ మీద ఉంచండి. 'షేర్' సదుపాయం ఉన్న కొన్ని పేజీలు ఫైలులోని సరుకంతా అడ్రస్‌లోనే చేర్చేస్తాయి. హ్యాష్ గుర్తు తరువాతి భాగం సర్వరుకి వెళ్ళదు, నిజమే. కానీ బ్రౌజరు హిస్టరీలో పడుతుంది, హిస్టరీ సింక్ ఆన్‌లో ఉంటే మీ ఫోన్‌కీ చేరుతుంది.

ఇంత చేసినా మీరు పరీక్షించింది ఈరోజు పేజీని. రేపు వాళ్ళు మార్చొచ్చు. రోజూ పనిలో వాడే ఫైళ్ళలో రహస్యాలుంటే నాలుగో దారే నయం.

సొంత కాపీ పెట్టుకోవడం

దీనికి మంచి నమూనా సైబర్‌షెఫ్. బ్రిటన్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూ 2016లో బయటికి వదిలిన ఓపెన్ సోర్స్ పనిముట్టు. బేస్64, హెక్స్, గ్జిప్, తేదీల మార్పిడి, జేసన్ అమరిక, ఎక్స్‌ఎంఎల్ అమరిక లాంటి వందల పనులు ఒకే పేజీలో ఉంటాయి. జిప్ దింపుకుని, విప్పి, హెచ్‌టీఎంఎల్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు, నెట్ లేకుండా నడుస్తుంది. సమాచారం దాటకూడదని కట్టుదిట్టం చేసిన ఆఫీసు నెట్‌వర్కుల్లో కూడా వాడగలిగేది ఇలాంటిదే.

అన్ని పేజీలూ ఇంత సాఫీగా రావు. గిట్‌హబ్ నుంచి వ్యూయర్ దింపుకుని డబుల్ క్లిక్ చేస్తే తెల్ల పేజీ రావడం చాలామందికి ఎదురయ్యేదే. డిస్క్ మీది ప్రతి ఫైలునూ బ్రౌజరు వేరే లోకంగా చూస్తుంది. క్రోమ్‌లో ఎప్పటి నుంచో ఇంతే, ఫైర్‌ఫాక్స్ 2019లో వచ్చిన 68వ వెర్షన్ నుంచి ఈ దారికొచ్చింది. కాబట్టి పేజీ తన పక్కనే ఉన్న జేసన్‌ని కూడా తెచ్చుకోలేకపోతుంది, జావాస్క్రిప్ట్ మాడ్యూల్ ఫైళ్ళు కూడా ఎక్కవు. మీరు చేత్తో లాగి వదిలిన ఫైలును మాత్రం చదవగలదు. ఎందుకంటే అక్కడ అనుమతి ఇచ్చింది మీరే.

అన్నీ ఒకే హెచ్‌టీఎంఎల్‌లో కుదించిన పనిముట్టు దొరికితే సరే, లేదంటే లోకల్ సర్వరు నడపాలి. పైథాన్ ఉంటే దాని హెచ్‌టీటీపీ సర్వర్ మాడ్యూల్‌ని ఒక్క వరస ఆజ్ఞతో 8000 పోర్టు మీద నడపొచ్చు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఏమీ చెప్పకుండా నడిపితే అది మెషీన్‌లోని అన్ని నెట్‌వర్క్ చిరునామాల మీదా వింటుంది. అదే వైఫై మీద ఉన్న హాస్టల్ మిత్రులో, కేఫ్‌లో పక్క టేబుల్ వాళ్ళో మీ ఐపీ కొడితే ఆ ఫోల్డరంతా వాళ్ళకు కనిపించవచ్చు. లోకల్‌గా చూడాలన్న మొత్తం ఉద్దేశం గంగలో కలుస్తుంది. ఆజ్ఞ చివర బైండ్ అనే ఆప్షన్ ఇచ్చి 127.0.0.1 అని తప్పకుండా రాయండి. హోమ్ ఫోల్డర్ నుంచి కాకుండా వ్యూయర్, ఫైలు మాత్రమే ఉన్న ఖాళీ ఫోల్డర్ నుంచి నడపండి.

కనిపించింది ఫైలులో ఉన్నదేనా?

వ్యూయర్ చూపించేది ఫైలును కాదు, ఫైలును చదివి తాను అర్థం చేసుకున్నదాన్ని. జేసన్‌లో ఈ తేడా బాగా కొడుతుంది.

జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యలు 9007199254740991 వరకే పూర్ణాంకాలను నిక్కచ్చిగా పట్టుకుంటాయి. అంటే 2 ఘాతం 53లో ఒకటి తక్కువ. ఫైలులో 9007199254740993 అని ఉంటే చాలా వ్యూయర్లు 9007199254740992 అని చూపిస్తాయి. 18, 19 అంకెల ఆర్డర్ ఐడీలు, ట్రాన్సాక్షన్ ఐడీలు ఉన్నచోట చివరి అంకెలు మారిపోతాయి. ఆ ఐడీ కాపీ చేసుకుని డేటాబేస్‌లో వెతికితే దొరకదు. రికార్డు పోయిందని గంటలు వెతుకుతారు. పోయింది రికార్డు కాదు, చివరి రెండంకెలు.

కీల వరస కూడా మారుతుంది. '10', '2', 'పేరు' అనే వరసలో ఉన్న కీలను జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టుగా చదివితే '2', '10', 'పేరు' అవుతాయి, అంకెల కీలు ముందుకొచ్చి ఎక్కే క్రమంలో నిలబడతాయి. ఒకే కీ రెండుసార్లు ఉంటే రెండోదే మిగులుతుంది, మొదటిది చెప్పాపెట్టకుండా మాయం. 1.0 కాస్తా 1 అయిపోతుంది.

కాబట్టి కొత్త వ్యూయర్ చేతికి రాగానే నాలుగు వరసల జేసన్ ఒకటి చేసుకుని దానికి వేయండి. పై పెద్ద సంఖ్య ఒకటి, '10' తరువాత '2' కీలు, ఒకే పేరుతో రెండు కీలు, ఒక 1.0. మూడు నిమిషాల్లో దాని జాతకం బయటపడుతుంది. తప్పినంత మాత్రాన పారేయనక్కర్లేదు. దాన్ని ఆకారం చూడటానికే వాడి, విలువలు కాపీ చేసేటప్పుడు రా డేటాకి వెళ్ళాలని తెలుస్తుంది, అది చాలు.

తెలుగు ఉన్న ఫైళ్ళలో ఇంకో సంగతి. పైథాన్ జేసన్ మాడ్యూల్ మామూలుగా తెలుగు అక్షరాలను అలాగే రాయదు, ఒక్కో కోడ్‌పాయింట్‌ని బ్యాక్‌స్లాష్, యూ, నాలుగు హెక్స్ అంకెలుగా మార్చి రాస్తుంది. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే మామూలు పద్ధతి) 3 బైట్లు పట్టేది 6 బైట్లవుతుంది. చెట్టు రూపంలో 'గుంటూరు' అని చక్కగా కనిపిస్తుంది, రా రూపంలో అదే మాట వెతికితే దొరకదు. వెతుకులాట చెట్టులో చేయండి. ఫైలు రాసేది మీ కోడే అయితే 'ఎన్ష్యూర్ ఆస్కీ' ఆప్షన్‌ని ఫాల్స్ చేస్తే ఈ గొడవే ఉండదు.

ఇక 'జేసన్ తప్పు' అని వచ్చే ఫిర్యాదులు. మొదటి వరస బాగుండి రెండో వరస మొదట్లోనే తప్పంటే, అది బహుశా జేసన్ లైన్స్ ఫైలు. వరసకో ఆబ్జెక్టు ఉంటుంది, మొత్తం కలిపి ఒక జేసన్ కాదు. లాగ్‌లు, మెషీన్ లెర్నింగ్ డేటా ఇలాగే వస్తాయి. ఒంటి కోట్లు, నన్, పెద్ద అక్షరంతో మొదలయ్యే ట్రూ కనిపిస్తే అది పైథాన్ ప్రింట్ చేసిన డిక్షనరీ, ఏ వ్యూయరూ ఒప్పుకోదు. చివరి కామా, కామెంట్లు ఉంటే అది ఎడిటర్ల కాన్ఫిగ్ జేసన్, ఎడిటర్‌లోనే చూడండి.

సీఎస్వీ

బ్రౌజరు దీన్ని చూపించకుండా మళ్ళీ డౌన్‌లోడ్ చేయడమే ఎక్కువ. ఎక్సెల్‌లో తెరవడం అందరికీ అలవాటే కానీ, చూడటం ఒక్కటే అయితే ఎక్సెల్ చెడ్డ ఎంపిక. 040 అనే హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 40 అవుతుంది, 0866 విజయవాడ 866 అవుతుంది. 12 అంకెల ఆధార్ సంఖ్య ఘాతాంక రూపంలోకి పోతుంది. 16 అంకెల సంఖ్యలో చివరి అంకె సున్నా అయిపోతుంది, ఎందుకంటే ఎక్సెల్ నిలుపుకునేది 15 అంకెలే. 1,048,576 వరసలు దాటినవి రావు. అలా చూసి పొరపాటున సేవ్ నొక్కితే పాడైన రూపమే ఫైలులోకి వెళ్ళిపోతుంది.

తెలుగు పేర్లున్న సీఎస్వీ ఎక్సెల్‌లో నెత్తిన గీతలున్న లాటిన్ అక్షరాల గుంపులా కనిపిస్తే ఫైలు పాడవలేదు. ఇది యూటీఎఫ్-8 అని చెప్పడానికి మొదట్లో ఉండాల్సిన మూడు బైట్ల బీఓఎం గుర్తు లేదు, అంతే. డేటా మెనూలో 'ఫ్రమ్ టెక్స్ట్' ద్వారా తెచ్చి, ఫైల్ ఆరిజిన్‌లో 65001 (యూటీఎఫ్-8) ఎంచుకుంటే సర్దుకుంటుంది. ఆ గుర్తు ఉన్న ఫైలుకి వేరే తంటా: దాన్ని పట్టించుకోని వ్యూయర్‌లో మొదటి కాలమ్ పేరు ముందు కంటికి కనపడని అక్షరం అతుక్కుని, ఆ పేరుతో కాలమ్ వెతికితే లేదంటుంది.

బ్రౌజరులో దీనికి సరైనది డక్‌డీబీ వెబ్‌అసెంబ్లీ షెల్. ఫైలు చేర్చి, ఫైలు పేరునే టేబుల్‌గా పెట్టి సెలెక్ట్ రాయడమే. ఇది కూడా కాలమ్ రకాలను ఊహిస్తుంది, 0866ని సంఖ్యగా తీసుకుంటుంది. సీఎస్వీ చదివే ఫంక్షన్‌కి 'ఆల్ వార్‌చార్' అనే ఆప్షన్ ట్రూగా ఇస్తే అన్నీ అక్షరాలుగానే ఉంటాయి.

పార్కే, ఎస్‌క్యూలైట్

పార్కే ఫైలులో వివరాల పట్టిక చివర ఉంటుంది. మొదటి 4 బైట్లు, చివరి 4 బైట్లు ఒకే గుర్తు: పీ, ఏ, ఆర్, 1. అందుకే మంచి వ్యూయర్ చివరి భాగం చదివి, కావలసిన కాలమ్‌లు మాత్రమే తెచ్చుకుంటుంది. పెద్ద ఫైలైనా స్కీమా (కాలమ్‌ల పేర్లు, రకాలు) కనిపించడానికి క్షణం పట్టదు. స్కీమా చూపించడానికే నిమిషాలు తీసుకుంటోందంటే ఆ వ్యూయర్ మొత్తం ఫైలును మెమరీలోకి లాగుతోందన్నమాట, దాన్ని వదిలేయండి. చివర గుర్తు లేదని ఎర్రర్ వస్తే డౌన్‌లోడ్ మధ్యలో ఆగింది. జేసన్‌లా సగం చూద్దామంటే కుదరదు, మళ్ళీ దింపుకోవాలి. చిన్న వ్యూయర్లు కొన్ని స్నాపీ కుదింపు ఒక్కటే చదవగలవు, జెడ్‌స్టాండర్డ్‌తో కుదించిన ఫైలు తెరుచుకోదు.

డక్‌డీబీని మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసుకోగలిగితే ఇంకా మేలు. 2025 మార్చిలో వచ్చిన 1.2.1 వెర్షన్ నుంచి 'యూఐ' ఆప్షన్‌తో నడిపితే బ్రౌజరులో 4213 పోర్టు మీద నోట్‌బుక్ లాంటి పేజీ తెరుస్తుంది. డేటా మీ మెషీన్‌లోనే, వేగం మామూలు ప్రోగ్రామ్‌ది, చూపు బ్రౌజరుది. పేజీ తాలూకు ఫైళ్ళు మాత్రం వాళ్ళ సర్వరు నుంచే వస్తాయి కాబట్టి నెట్ అసలే లేని మెషీన్‌కి ఇది కుదరదు.

ఎస్‌క్యూలైట్ వ్యూయర్లలో చాలావాటి వెనుక ఉన్నది ఎస్‌క్యూఎల్ డాట్ జేఎస్ లైబ్రరీ, లేదా 3.40 వెర్షన్ నుంచి ఎస్‌క్యూలైట్ వాళ్ళే ఇస్తున్న వెబ్‌అసెంబ్లీ రూపం. మొదటిది ఫైలు మొత్తాన్ని మెమరీలో పెట్టుకుంటుంది. 50, 100 మెగాబైట్లకు హాయిగా ఉంటుంది, గిగాబైట్ దగ్గర ట్యాబ్ కూలుతుంది.

ఎస్‌క్యూలైట్‌లో ఎక్కువమందిని తిప్పలు పెట్టేది వాల్ మోడ్, అంటే మార్పులను ముందు పక్క ఫైలులో రాసే పద్ధతి. ఆండ్రాయిడ్ యాప్ నుంచో, నడుస్తున్న ప్రోగ్రామ్ నుంచో డీబీ ఫైలు ఒక్కటే కాపీ చేసుకుంటే, ఈమధ్య రాసిన వరసలు పక్కనున్న వాల్ ఫైలులోనే ఉండిపోతాయి. వ్యూయర్‌లో పాత డేటా కనిపిస్తుంది, లేదా డేటాబేస్ తెరవలేనంటూ మొండికేస్తుంది. వ్యూయర్ మార్చి లాభం లేదు. ప్రోగ్రామ్ ఆపి, పక్క ఫైలులోనివి డీబీలోకి చేర్చే 'వాల్ చెక్‌పాయింట్' ప్రాగ్మా ఆజ్ఞని ట్రంకేట్‌తో నడిపి, అప్పుడు కాపీ చేయండి. ఆపడం కుదరకపోతే 'వాక్యూమ్ ఇంటూ'తో కొత్త ఫైలుగా తీయండి.

హార్ ఫైళ్ళు, టోకెన్లు

అన్నిటికంటే జాగ్రత్త కావలసినవి ఇవే. హార్ అంటే బ్రౌజరుకీ సర్వరుకీ మధ్య నడిచిన సంభాషణ అంతా. కుకీలు, సెషన్ టోకెన్లు (మీరు లాగిన్ అయ్యారని సర్వరుకి చెప్పే గుర్తులు), ఫారంలో కొట్టిన పాస్‌వర్డు, అన్నీ. 2023 అక్టోబరులో ఆక్టా సంస్థ సపోర్టు వ్యవస్థలోకి చొరబడినవాళ్ళు, కస్టమర్లు అప్‌లోడ్ చేసిన హార్ ఫైళ్ళలోని సెషన్ టోకెన్లనే వాడుకున్నారు.

దీన్ని చూడటానికి బయటి పనిముట్టు అక్కర్లేదు. ఖాళీ ట్యాబ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్ మీదికి హార్ ఫైలును లాగి వదలండి. రిక్వెస్టులన్నీ అప్పుడే జరిగినట్టు వరసగా వస్తాయి. క్రోమ్ 130 నుంచి మామూలు ఎగుమతిలో కుకీ, ఆథరైజేషన్ హెడర్లు తీసేసి ఇస్తోంది. కానీ అడ్రస్‌లోనూ, జవాబు లోపలా ఉన్న టోకెన్లు అలాగే ఉంటాయి. ఎవరికైనా పంపే ముందు ఎడిటర్‌లో 'టోకెన్', 'పాస్‌వర్డ్' అన్న మాటలు ఇంగ్లిష్‌లో వెతికి చూడండి.

జేడబ్ల్యూటీకి (వినియోగదారు వివరాలు మోసే ఒక రకం టోకెన్) వ్యూయర్ సైటే అవసరం లేదు. అది చుక్కలతో విడిపోయిన మూడు ముక్కలు, మధ్య ముక్కలోనే అసలు సంగతి. బేస్64 యూఆర్‌ఎల్ రూపం కాబట్టి డాష్‌ని ప్లస్‌గా, అండర్‌స్కోర్‌ని స్లాష్‌గా మార్చి, కన్సోల్‌లో ఏటూబీ ఫంక్షన్‌కి ఇస్తే చాలు. పేరు తెలుగులో ఉంటే ఏటూబీ బైట్లనే అక్షరాలుగా చూపి గజిబిజి చేస్తుంది, ఆ బైట్లను టెక్స్ట్‌డీకోడర్ గుండా పంపాలి. లేదంటే ముందు చెప్పిన సైబర్‌షెఫ్ కాపీ ఉండనే ఉంది.

ప్రత్యేకమైన రకాలు

వీటికి వెతుకులాట అక్కర్లేదు, ఒక్కోదానికి స్థిరపడిన పనిముట్టు ఉంది. ఆండ్రాయిడ్, క్రోమ్ ట్రేస్‌లకు (ప్రోగ్రామ్ నడిచిన తీరు రికార్డులు) పెర్ఫెట్టో యూఐ. ప్రొఫైలర్ ఫ్లేమ్ గ్రాఫ్‌లకు స్పీడ్‌స్కోప్. ఓఎన్‌ఎన్‌ఎక్స్, టీఎఫ్‌లైట్ లాంటి మోడల్ ఫైళ్ళ నిర్మాణం చూడటానికి నెట్రాన్. ప్లేరైట్ పరీక్షల ట్రేస్ జిప్‌లకు దాని సొంత ట్రేస్ వ్యూయర్. నాలుగూ ఫైలును ట్యాబ్‌లోనే చదువుతాయి, నాలుగూ ఓపెన్ సోర్సే. జూపిటర్ నోట్‌బుక్‌కి జూపిటర్‌లైట్ వాడొచ్చు, కానీ చూడటానికే అయితే విఎస్ కోడ్ బ్రౌజరు రూపం తేలిక. దానిలో ఫోల్డరంతా తెరవడం క్రోమ్, ఎడ్జ్‌లలోనే కుదురుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఆ అనుమతి ఇచ్చే ఏపీఐ లేదు కాబట్టి ఒక్కో ఫైలుగా ఇవ్వాలి.

ఎక్కడ ఆపాలి

క్రోమ్‌లో ఒక స్ట్రింగ్ (ఒకే ముక్కగా పట్టుకునే అక్షరాల వరస) పొడవు సుమారు 53.6 కోట్ల అక్షరాలు మించడం కుదరదు. అంటే అరగిగాబైట్ దాటిన జేసన్‌ను మొత్తంగా అక్షరాలుగా చదివే ఏ పేజీ అయినా అక్కడ ఆగిపోతుంది, మీ ల్యాప్‌టాప్‌లో 32 గిగాబైట్ల ర్యామ్ ఉన్నా సరే. దానికి చాలా ముందే చెట్టు గీయడానికి పట్టే మెమరీ ఫైలు పరిమాణానికి కొన్ని రెట్లై ట్యాబ్ బిగుసుకుంటుంది. 32 బిట్ల వెబ్‌అసెంబ్లీకి 4 గిగాబైట్ల గోడ ఉంది. 100 మెగాబైట్ల లోపు జేసన్‌కి ఫైర్‌ఫాక్స్‌ని ప్రయత్నించండి. అది దాటితే జేక్యూ అనే కమాండ్ లైన్ పనిముట్టుతో కావలసిన ముక్క కోసి, ఆ ముక్కను బ్రౌజరులో చూడండి. వరసల లెక్క కోట్లలోకి వెళ్తే డక్‌డీబీ కమాండ్ లైనే వాడండి. చూడాల్సింది చివరి వంద వరసల లాగ్ అయితే టెర్మినల్‌లో టెయిల్ ఆజ్ఞ కొట్టండి, దానికి బ్రౌజరు తెరవడమే ఎక్కువ.